కొర్రబయలు

తెలుగుదేశమనగానే మండుటెండలు స్ఫురించుట సహజము. బిలాస్‌పూరు నెహ్రూనగరులోని తెలుగువారికి చలియన్నచో అమరకంటకమే జ్ఞప్తికి వచ్చును. అంతకు తీసిపోని చలిచోటు ఆంధ్రదేశముననే యొకటి కలదు. అదియే లంబసింగి. విశాఖ మన్యమున చింతపల్లి చెంతనున్న ఈ పల్లె 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది.

దీనికే కొర్రబయలు అని నామాంతరము. ఆరుబయట నిలిచినవాడు కట్టెవలె బిగుసుకొనిపోవునని స్థానికులు ఆ పేరునకు అర్థము చెప్పుదురు. ఊరి పేర్లకు అర్థములు కల్పించుటలో మనవారు నేర్పరులే. అయినను పుష్యమాసమున ఒక్క రాత్రి అచట గడపినవాడు ఈ వ్యుత్పత్తిని కాదనజాలడు.

దక్షిణాఫ్రికాలోని సదర్లండు పట్టణము చలికి ప్రసిద్ధము. అది 32 డిగ్రీల అక్షాంశమున, సుమారు 1450 మీటర్ల ఎత్తున నున్నది. లంబసింగియో 18 డిగ్రీలకు లోపల, సుమారు 1000 మీటర్ల ఎత్తున నున్నది. అయినను తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్న దాపునకు దిగిన సంవత్సరములు కలవు. ఆకాశము నిర్మలముగా నున్న రాత్రులలో నేల తన వేడిని వేగముగా విడుచును. చల్లబడి బరువెక్కిన గాలి కొండవాలుల వెంట జారి పల్లమున నిలుచును. ప్రొద్దెక్కినదాక పొగమంచు వీడదు.

ఈ మంచును చూడవచ్చువారు నర్సీపట్నము నుండి ఘాటురోడ్డు నెక్కుదురు. ఆ బాట వెనుక మన్యప్రజల చెమట కలదు. 1882 నాటి మద్రాసు అటవీచట్టము వలన పోడుసేద్యము కష్టమై వారు అలమటించుచుండగా, గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియను వారిని నిర్బంధించి, న్యాయమైన కూలి ఇయ్యక ఈ రోడ్డు పని చేయించెను. ఆ కడుపుమంటయే సీతారామరాజునకు అనుచరులను కూర్చెను. గాము గంటందొర, మల్లుదొర సోదరులు వారిలో ముఖ్యులు.

1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా, మరునాడు కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి దాడికి గురియైనవి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు అను ఇద్దరు ఆంగ్లాధికారులు హతులైరి. కొండ నెఱిగినవానికి కనుమ కోట, ఎఱుగనివానికి బోను. 1924 మే 7న రాజు కొయ్యూరున కాల్చి చంపబడెను. పిమ్మట గంటందొరయు నేలకొరిగెను. మల్లుదొర ఉరి తప్పి, అండమాను శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నము నుండి లోకసభకు ఎన్నికయ్యెను.

నేడు ఆ కొండలపై కాఫీ, మిరియపు తోటలు కలవు. మంచు విడకమునుపే చేరవలెనని యాత్రికులు చీకటితోనే నర్సీపట్నము దాటుదురు.