యాకోబు నిచ్చెన: ఖరగ్‌పూర్ తెలుగు క్రైస్తవుల అతుకుల బొంత

బెంగాల్ కుట్టుపని గురించి రాసినవారు కాంథాతో మొదలుపెట్టి కాంథాతోనే ముగిస్తారు. అదే గడ్డ మీద, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో తరాల తరబడి బొంతలు కుట్టుకుంటున్న తెలుగు ఆడవాళ్ల ఊసు నేను చదివిన ఏ గ్రంథంలోనూ లేదు. ఈ లోపం యాదృచ్ఛికం కాదు. దీని వేరు కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్‌రిష్ 1939లో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ పత్రికలో రాసిన కాంథా వ్యాసంలో ఉంది. చిరుగు పాతలు ఒక్కటవడంలో ఆమె సంపూర్ణత్వాన్ని దర్శించారు. నడిమి పద్మానికి, మూలల్లోని చెట్లకు విశ్వపరమైన అర్థం చెప్పారు. ఆ వ్యాఖ్య గొప్పదే. కాని ఆ చూపుకు సూది గీసిన బొమ్మ కనబడుతుంది, కత్తెర చేసిన ఆలోచన కనబడదు. కాంథాలో పాత చీరలు పొరలుగా పరిచి, పైన దారంతో బొమ్మ తీస్తారు. అతుకుల బొంతలో అతుకే బొమ్మ. క్రామ్‌రిష్ కొలబద్దతో కొలిస్తే ఇది చలికి కప్పుకునే గుడ్డగా మిగిలిపోతుంది. ఆమె తర్వాతివారు ఆ కొలబద్దను మార్చలేదు.

ఖరగ్‌పూర్ మథురాకాటిలోని ఒక తెలుగు బాప్టిస్టు కుటుంబం దాచుకున్న బొంతను ఇక్కడ వివరంగా చూడాలి. కుట్టినావిడ టెక్కలి వైపు నుంచి కోడలిగా వచ్చింది. ఇంట్లో దాన్ని నిచ్చెన బొంత అంటారు. ఒక్కో గడిలో అడ్డంగా మూడు, నిలువుగా మూడు, మొత్తం తొమ్మిది చదరాలు. నాలుగు మూలల్లోనూ నడిమిలోనూ ఉన్న అయిదు చదరాలు ఒక్కొక్కటి నాలుగు చిన్న ముక్కలతో అయినవి: రెండు ముదురు, రెండు లేత. మిగతా నాలుగింటిలో ముదురు ముక్కోణం, లేత ముక్కోణం కలిసి ఉంటాయి. అయిదింటిలోనూ ముదురు ముక్కలు ఒకే వాలులో ఉండాలి. అప్పుడే గడికి గడి చేరినప్పుడు మెట్లు తెగకుండా ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఎక్కుతాయి.

ముదురు గుడ్డ రైల్వే ఖాకీ, లేత గుడ్డ నేత పంచె. మందం గుడ్డ, పలచటి గుడ్డ పక్కపక్కన నిలవవు. అందుకే ఆవిడ పంచెను రెండు మడతలు వేసింది. ముక్కోణాల పని ఇంకా కష్టం, ఏటవాలుగా కోసిన అంచు చేతిలో సాగిపోతుంది. ముందు రెండు చదరాలను ఎదురెదురుగా పెట్టి, మూల నుంచి మూలకు గీత గీసి, గీతకు అటూ ఇటూ పావంగుళం దూరంలో కుట్టి, ఆ తర్వాతే గీత మీద కోసేదట. ఒక్క కోతకు రెండు ముక్కోణాల జతలు వస్తాయి, అంచు సాగదు. ఈ పద్ధతి చేసి చూపించిన ఆవిడ కోడలు అన్న మాట: "ముదురు గుడ్డ కింద నుంచి పైకే ఎల్లాలనేది మా అత్త. అడ్డం పడితే నిచ్చెనెలాగవుద్దమ్మా?"

ఈ నిచ్చెన బైబిలులోది. ఆదికాండం 28వ అధ్యాయంలో యాకోబు ఇల్లు విడిచి, రాయి తలగడగా పెట్టుకుని, పరాయి చోట పడుకున్నాడు. కలలో కనిపించిన నిచ్చెనతో పాటు అతనికి ఒక వాగ్దానం కూడా దొరికింది: తిరిగి ఈ నేలకు రప్పిస్తానని. 1902లో కటక్–విశాఖపట్నం మార్గం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చాక ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్‌కు కూలీల, పనివాళ్ల దారి సాఫీ అయింది. అక్కడ వాళ్లదీ పరాయి చోటే: క్వార్టర్ తమది కాదు, ఉద్యోగం ముగిస్తే ఖాళీ చేయాలి. యాకోబు కథను అలాంటి ఇంటి ఇల్లాలికి బోధకుడు విప్పి చెప్పనక్కర్లేదు.

గడి నమూనా ఎటు నుంచి వచ్చింది? 1875 నుంచి భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళం ప్రాంతాల్లో పనిచేసిన కెనడా బాప్టిస్టులు అతుకుల దుప్పట్ల దేశం నుంచి వచ్చినవారే. మిషన్ బాలికల బడుల్లో కుట్టుపని పాఠంగా ఉండేది. అక్కడి నుంచే వచ్చిందని నా నిశ్చయం. అతుకుల దుప్పట్ల మీద 1929లో వచ్చిన తన పుస్తకంలో రూత్ ఫిన్లే, యాకోబు నిచ్చెన అనే ఈ గడికి అమెరికాలోనే ప్రాంతాన్ని బట్టి పేర్లు మారాయని రాసింది: ఒకచోట బండి చాళ్లు, ఒకచోట అడుగు రాళ్లు. రైల్‌రోడ్ అనే పేరు కూడా దీనికి ఉంది. ఫిన్లే చెప్పినంత ప్రాచీనత దీనికి లేదని, పందొమ్మిదో శతాబ్దం చివరి పాదానికి ముందు ఆధారం దొరకదని బొంతల చరిత్రకారిణి బార్బరా బ్రాక్‌మన్ వాదించారు. అది నా వాదానికి అడ్డు కాదు, బలం. రైలు, ఈ గడి, తెలుగువాళ్లు ఒకే కాలంలో కదిలారు. ఖాకీ మెట్లలో పట్టాల కింది దిమ్మలు కనిపించడం కాకతాళీయం కాదు. ఖరగ్‌పూర్ నిచ్చెన బొంత అరువు నమూనా మాత్రమే కాదు, ఉత్తరాంధ్ర వలస స్త్రీలు బైబిలుకు రాసుకున్న వ్యాఖ్య. రైలు వెంట వెళ్లిన తెలుగు క్రైస్తవ స్త్రీల మొత్తం భక్తి సాహిత్యంలో దీనికి కీర్తనలతో సమానమైన స్థానం ఇవ్వాలి.

పాత ఖాకీ ఇప్పుడు దొరకదు, సింథటిక్ దుప్పట్లు ఇంటింటా చేరాయి. ఖరగ్‌పూర్‌లోని నింపురా, మలంచా, ఓల్డ్ సెటిల్‌మెంట్ ఇళ్లలో ఇలాంటి బొంత ఉన్నవారు పారేయకండి. పైభాగంతో పాటు వెనకవైపు కూడా ఫోటో తీయండి, కుట్టినవారి పుట్టిన ఊరు, ఏ ఏటి గుడ్డ అన్నది రాసి పెట్టండి.