మ్యూనిక్ నగరసభ: రెండు నిర్ణయములు

పురపాలక కార్యాలయమునందలి జనన మరణముల పట్టికలు, ఇంటి పన్ను లెక్కలు ప్రజల సొత్తు. వానిని దాచిన పెట్టె తాళపుచెవి ఒక వర్తకుని చేతిలో ఉన్నచో ఆ సొత్తు ఎవరిది? జర్మనీ దేశమునందలి మ్యూనిక్ నగరము ఈ శతాబ్ది ఆరంభమున ఈ ప్రశ్నను ఎదుర్కొనవలసి వచ్చెను.

నాడు ఆ నగర కార్యాలయములందు సుమారు 14,000 కంప్యూటర్లు ఉండెను. అవి ఆధారపడిన విండోస్ ఎన్.టి. సాఫ్ట్‌వేర్‌కు ఇకమీదట మరమ్మతులు ఉండవని మైక్రోసాఫ్ట్ సంస్థ ప్రకటించెను. ఉన్నది బాగుగనే పనిచేయుచున్నను క్రొత్తది కొనక తప్పని స్థితి కలిగెను. అప్పుడు కొందరి దృష్టి లినక్స్‌పై పడెను. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన ఈ సాఫ్ట్‌వేర్ యొక్క మూలరచనను ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు పంచవచ్చును. కనుక దీనిని ఉచితమైనదనుటకంటె స్వేచ్ఛ గలదనుటయే సమంజసము.

2003లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ తన విహారయాత్రను మధ్యలో ఆపుకొని వచ్చి మేయరు క్రిస్టియన్ ఊడెను కలిసికొనెను. సంస్థ ధరయు తగ్గించెను. దానితో లినక్స్ పక్షపు వ్యయమే అధికమయ్యెను. అయినను ఆ మే నెలలో నగరసభ లినక్స్‌నే ఎన్నుకొనెను. ఒక్క వర్తకునిపై ఆధారపడియుండరాదన్నదే వారి తలంపు.

నిర్ణయము ఒక్కనాటిదే గాని, ఆచరణకు పదేండ్లు పట్టెను. ఒక్కొక్క శాఖ తన కంప్యూటర్లను తన పద్ధతిలో అమర్చుకొనియుండెను. కార్యాలయ పత్రముల నమూనాలన్నియు పాత సాఫ్ట్‌వేర్‌కు ముడిపడియుండెను. ఆ నమూనాలకై నగరమువారు వోల్‌మక్స్ అను ఉపకరణమును స్వయముగా నిర్మించి, 2008లో ఎల్లరకు అందుబాటు చేసిరి. 2013 నాటికి సుమారు 15,000 కంప్యూటర్లు లినక్స్‌కు మారెను. కొన్ని ప్రత్యేక కార్యములకు మాత్రము విండోస్ మిగిలియుండెను.

కాని ఉద్యోగుల అసంతృప్తి తీరలేదు. ఇతర కార్యాలయములతో పత్రములు మార్చుకొనునప్పుడు చిక్కులు కలుగుచుండెను. 2014లో ఊడె పదవి వీడెను. క్రొత్త మేయరు డీటర్ రైటర్‌కు లినక్స్‌పై మక్కువ లేకుండెను. 2016లో నగరము నియమించిన నిపుణులు, పెక్కు చిక్కులకు మూలము కార్యాలయ నిర్వహణమేనని చెప్పుచునే, విండోస్‌కు మారు మార్గమును కూడ సూచించిరి. 2017 నవంబరులో నగరసభ విండోస్‌కు మరలుటకు నిర్ణయించెను. 2020లో ఏర్పడిన క్రొత్త కూటమి, సాధ్యమైనంతవరకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కే ప్రాధాన్యము నిచ్చెదమని తన ఒడంబడికలో వ్రాసికొనెను.

దీనిని కొందరు లినక్స్ ఓటమి అందురు. వేలాది ఉద్యోగులు ఏండ్ల తరబడి దానితోనే నగరపాలన సాగించిరి గదా! సాఫ్ట్‌వేర్‌ను మార్చుటకు సభలో ఒక్క తీర్మానము చాలును. ఉద్యోగులకు శిక్షణ, శాఖలన్నిటికి ఒక్క పద్ధతి, పాలకులకు ఓర్పు ఏండ్ల తరబడి నిలువనిచో, ఆ తీర్మానమును రద్దుచేయుటకు మరియొక తీర్మానము చాలును.