పక్క సీటు నుంచి: సినిమా కారు సన్నివేశాల్లో ప్రయాణికుని స్థానం

కారు ఛేజ్ సన్నివేశాల చరిత్ర రాసినవారు సాధారణంగా వేగాన్ని, సాహసాన్ని, ఎడిటింగును లెక్కలోకి తీసుకుంటారు. స్టీరింగ్ పట్టినవారెవరు, కెమెరా ఎక్కడ అమర్చారు అన్నవే చర్చనీయాంశాలు. పక్క సీటులోని మనిషి ఈ చర్చలో దాదాపు కనిపించడు. అతని చేతిలో స్టీరింగ్ లేదు, కాలి కింద బ్రేకు లేదు. ప్రమాదంలో మాత్రం సమాన భాగముంది. ప్రేక్షకుడు కూడా కారును ఆపలేడు, దిగలేడు. కనుక ఈ సన్నివేశాల విలువ కట్టడానికి డ్రైవరు సీటు కంటే పక్క సీటే తగిన చోటని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఈ స్థితి తెలుగు పాఠకులకు కొత్తది కాదు. తిక్కన విరాటపర్వంలో కౌరవసేనను చూసిన ఉత్తరుడు రథం దూకి పరుగు తీస్తాడు. పగ్గాలు పట్టిన బృహన్నలకు జంకు లేదు. ఉత్తరుని పిరికితనానికి నవ్వుతాము, కాని ఆ సేన ఎంతటిదో మనకు అందేది అతని భయం ద్వారానే.

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ‘టు క్యాచ్ ఎ థీఫ్’ (1955)లో ఇదే పద్ధతిని అనుసరించాడు. ఫ్రాన్స్ దక్షిణ తీరపు కొండదారిలో గ్రేస్ కెల్లీ కారు నడుపుతుంది, క్యారీ గ్రాంట్ పక్కన కూర్చుంటాడు, వెనుక పోలీసులు. దారి మలుపులను, లోయను ఆకాశం నుంచి తీసిన దృశ్యాలు చూపుతాయి. కారు లోపలి దృశ్యాలు మాత్రం స్టూడియోలో, నటుల వెనుక తెరపై రోడ్డు బొమ్మను ప్రదర్శిస్తూ తీసినవి. నేటి కంటికి ఆ కృత్రిమత ఇట్టే తెలిసిపోతుంది. అయినా సన్నివేశం నిలబడడానికి కారణం గ్రాంట్ చేతులు. కెమెరా ఒకచోట రోడ్డును వదిలి అతని మోకాళ్లను దగ్గరగా చూపుతుంది. ముఖంలో మర్యాద చెదరదు, వేళ్లు మాత్రం మోకాళ్లను గట్టిగా పట్టుకుంటాయి. కెల్లీ ముఖంలో ఆందోళన జాడ లేదు.

ఇక్కడ పాత్ర నేపథ్యం ముఖ్యం. గ్రాంట్ పోషించిన జాన్ రోబీ ఇళ్ల కప్పుల మీద పిల్లిలా నడిచిన పాత దొంగ. అటువంటివాడు ఎత్తుకు భయపడడు. అతన్ని కలవరపెట్టేది తన ప్రాణం మరొకరి చేతిలో, అందులోనూ అంతవరకు తాను తేలిగ్గా అంచనా కట్టిన యువతి చేతిలో ఉండడం. సన్నివేశంలోని హాస్యానికి, అధికార మార్పిడికి మూలం ఇదే. స్త్రీ డ్రైవింగును వెక్కిరించే అలవాటు బలంగా ఉన్న కాలంలో ఆమె నైపుణ్యాన్ని శంకించే అవకాశం సినిమా ఎక్కడా ఇవ్వదు. కారును గోడకు గుద్దేది పోలీసులే, అదీ అడ్డొచ్చిన కోడిని తప్పించబోయి. (ఆ వెంటనే నాయికానాయకులు దారి పక్కన ఆగి కోడిమాంసమే తినడం హిచ్‌కాక్ కొంటెతనం.)

పీటర్ యేట్స్ ‘బుల్లిట్’ (1968)తో ఈ అమరిక మారింది. శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో దాదాపు 11 నిమిషాలు సాగే ఛేజ్‌లో స్టీవ్ మెక్వీన్ తన మస్టాంగ్‌లో ఒంటరి. ఛేజ్ ఊపందుకోగానే లాలో షిఫ్రిన్ సంగీతం ఆగిపోయి ఇంజన్ల మోత మిగులుతుంది. దుండగుల కారులో పక్క మనిషి ఉన్నాడు గాని, అతని చేతిలో తుపాకీ ఉంది. చేయడానికి పని ఉన్నవాడు ప్రయాణికుడు కాడు. నాయకుని పక్కన ఖాళీ అయిన సీటులో ప్రేక్షకుణ్ణి కూర్చోబెట్టారు. ఈ సన్నివేశం నన్ను ఉత్తేజపరుస్తుంది, కాని భయపెట్టదు.

విలియం ఫ్రీడ్‌కిన్ ‘ది ఫ్రెంచ్ కనెక్షన్’ (1971)లో డిటెక్టివ్ డోయల్ ఒక పౌరుణ్ణి కారులోంచి దింపేసి, పైన వంతెనపై పోతున్న రైలును కింద రోడ్డుపై వెంటాడతాడు. తెరపై కారులో ప్రయాణికుడు లేడు. చిత్రీకరణలో మాత్రం ఉన్నాడు. స్టంట్ డ్రైవర్ బిల్ హిక్‌మన్ (‘బుల్లిట్’లో దుండగుల కారు నడిపినవాడూ ఇతడే) బ్రూక్లిన్ వీధుల్లో కారును దూకిస్తుంటే వెనుక సీటులో కెమెరా పట్టుకున్నది ఫ్రీడ్‌కినే. తన కెమెరామన్లకు భార్యాబిడ్డలు ఉన్నారని, తాను అవివాహితుణ్ణని ఆయన తరువాత కారణం చెప్పాడు. ఆ కారులో కూర్చోవడానికి ఆయన ఒప్పుకున్నాడు. వీధిలో తమ దారిన పోతున్నవారి సమ్మతిని ఎవరూ అడగలేదు. అన్ని అనుమతులూ లేకుండానే తీశామని దర్శకుడే చెప్పుకున్న ఆ ఛేజ్‌ను ‘సహజత్వం’ పేరుతో మెచ్చుకునే విమర్శ ఈ తేడాను పట్టించుకోకపోవడం లోపమే.

జాన్ ఫ్రాంకెన్‌హైమర్ ‘రోనిన్’ (1998)లో కథ పూర్తిగా తిరగబడింది. కొన్ని దృశ్యాలకు కుడివైపు స్టీరింగ్ ఉన్న కార్లను తెచ్చి, ఎడమవైపు ఉత్తుత్తి స్టీరింగ్ బిగించారు. కుడివైపున స్టంట్ డ్రైవర్ నిజంగా నడుపుతుంటే, ఎడమవైపు నటులు నడుపుతున్నట్లు అభినయించారు. అంటే తెరపై డ్రైవరుగా కనిపించే రాబర్ట్ డి నీరో ఆ దృశ్యాల్లో వాస్తవానికి ప్రయాణికుడే. ప్యారిస్ రోడ్లపై ఎదురు వాహనాల మధ్యకు కారు దూసుకుపోయేటప్పుడు ఆ ముఖంలో బిగువు ఎంత నటనో, ఎంత నిజమో విడదీయడం కష్టం.

అయినా ఈ రెండింటిలో దేనికి ఎక్కువ లోనవుతానంటే, నా ఓటు 1955 నాటి ఆ చేతులకే. గ్రాంట్ కూర్చున్న కారు స్టూడియోలో కదలకుండా ఉంది. అతడు పట్టుకున్నది తన మోకాళ్లనే.