మిగిలిన నిమిషం ఎవరిది?

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో సివిల్, మెకానికల్, కంప్యూటర్స్ అన్న పేర్లు వినగానే అవి దేనికి సంబంధించినవో మనకు ఇంచుమించుగా బోధపడుతుంది. 'ఇండస్ట్రియల్ అండ్ ప్రొడక్షన్ ఇంజినీరింగ్' అన్న పేరు కనబడితే మాత్రం విద్యార్థులూ, తల్లిదండ్రులూ సందేహంలో పడతారు. ఇది యంత్రాల చదువా, మేనేజిమెంటు చదువా? ఛత్తీస్‌గఢ్‌లోని రైల్వే పట్టణం బిలాస్‌పూర్‌లో, గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయంలో ఈ పేరుతో నాలుగేళ్ళ బి.టెక్. కోర్సు ఉంది. దీని స్వరూపం తెలియాలంటే రైలు పట్టాల వెంట శతాబ్దానికి పైగా వెనక్కి నడవాలి.

పట్టాల కూడలి

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ వరకు వేసిన ప్రధాన మార్గం 1891లో పూర్తయింది. బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు మరో మార్గం చీలడంతో ఊరు పెద్ద జంక్షనయింది. ఉత్తరాంధ్రలోని వాల్తేరు మార్గం కూడా తరువాత ఇదే కంపెనీ చేతికి వచ్చింది. 1931లో విజయనగరం–రాయపూర్ మార్గం పూర్తయ్యాక తెలుగు జిల్లాలకూ ఛత్తీస్‌గఢ్‌కూ మధ్య రాకపోకలు సుగమమయ్యాయి. రైల్వే కొలువుల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు బిలాస్‌పూర్ సొంత ఊరైపోయింది.

జంక్షన్ అంటే పట్టాలు కలిసే చోటు మాత్రమే కాదు, బండ్లు ఆగే చోటు కూడా. ఇంజను షెడ్డులో ఎన్ని గంటలుంది, వ్యాగన్ యార్డులో ఎంతసేపు పడి ఉంది, మరమ్మతుకు ఎందరు కావాలి అన్న ప్రశ్నలు అక్కడ రోజూ తలెత్తేవే. పారిశ్రామిక ఇంజినీరింగ్‌కు ఇలాంటి ప్రశ్నలే పునాది.

స్టాప్‌వాచ్ పుట్టించిన చదువు

1880లలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో ఫ్రెడరిక్ టేలర్ పనులను చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి, ఒక్కొక్క భాగానికి పట్టే కాలాన్ని కొలవసాగాడు. ఈ పద్ధతికి దేశవ్యాప్తంగా పేరు తెచ్చింది మాత్రం రైళ్ళే. 1910లో అక్కడి రైల్వే కంపెనీలు సరుకుల రవాణా చార్జీలు పెంచుతామన్నాయి. వర్తకుల పక్షాన వాదించిన న్యాయవాది లూయీ బ్రాండైస్, చార్జీలు పెంచనక్కరలేదనీ, శాస్త్రీయంగా నిర్వహిస్తే ఖర్చు తగ్గుతుందనీ అన్నాడు. రైల్వేలు రోజుకు పది లక్షల డాలర్లు ఆదా చేయవచ్చని హారింగ్టన్ ఎమర్సన్ అనే నిపుణుడు సాక్ష్యం చెప్పాడు. చివరికి 1911లో కంపెనీల కోరిక తిరస్కరణకు గురయింది. అంతకు ముందే, 1909లో, పెన్సిల్వేనియా స్టేట్ కాలేజీలో పారిశ్రామిక ఇంజినీరింగ్‌కు ప్రత్యేక శాఖ ఏర్పడింది. కర్మాగారంలో పుట్టిన కొలత కళాశాల పాఠమయింది.

మనిషి ఎదురు తిరిగాడు

అయితే కొలిచేది యంత్రాన్నే కాదు, మనిషిని కూడా. 1911 ఆగస్టులో వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో స్టాప్‌వాచ్ పట్టుకొని పక్కన నిలబడటాన్ని సహించలేక పోతపని కార్మికులు సమ్మెకు దిగారు. విషయం అమెరికన్ కాంగ్రెస్ దాకా వెళ్ళింది. సైనిక కర్మాగారాలలో స్టాప్‌వాచ్ వాడకంపై 1915లో వచ్చిన నిషేధం 1949 వరకు కొనసాగింది.

మన దేశంలోనూ ఈ ఘర్షణ రైల్వేలలోనే కనబడింది. 1926లో సర్ విన్సెంట్ రేవెన్ అధ్యక్షతన ఒక కమిటీ ప్రభుత్వ రైల్వేల వర్క్‌షాపుల పనితీరును పరిశీలించింది. ఆ కాలంలోనే, 1927–28లో, బిలాస్‌పూర్ కూడా భాగంగా ఉన్న బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా కార్మికులు ఉద్యమించారు. వారికి నాయకత్వం వహించినవారిలో ముఖ్యుడు, తరువాత రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి. యాజమాన్యానికి 'ఆదా' అనిపించినది కార్మికుడికి ఉద్యోగం పోవడంగా కనిపించింది.

ఈ శాస్త్రం కూడా క్రమంగా పాఠం నేర్చుకుంది. ఇటుకలు పేర్చే పనిలోని వృథా కదలికలను తగ్గించిన ఫ్రాంక్ గిల్‌బ్రెత్‌తో పాటు ఆయన భార్య, మనస్తత్వ శాస్త్రవేత్త లిలియన్ గిల్‌బ్రెత్ కూడా కార్మికుల అలసటను అధ్యయనం చేశారు. మనిషిని తొందరపెట్టడం కాదు, పని అమరికను సరిదిద్దాలన్న దృష్టి ఇక్కడి నుంచి బలపడింది.

యార్డులో ఒక లెక్క

ఆ అమరికను ఎలా సరిదిద్దుతారో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. ఒక యార్డులోకి గంటకు 40 వ్యాగన్లు వస్తున్నాయనుకుందాం. ఒక్కొక్కటి సగటున 30 గంటలు ఆగితే, యార్డులో ఎప్పుడు చూసినా సుమారు 1200 వ్యాగన్లుంటాయి. ఆగే కాలాన్ని 24 గంటలకు తగ్గిస్తే 960 చాలు. ఒక్క కొత్త వ్యాగన్ కూడా కొనకుండా 240 చేతికి వచ్చాయి! జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇదే: లోపల ఉన్నవాటి సంఖ్య, వచ్చే రేటునూ ఉండే కాలాన్నీ గుణిస్తే వచ్చేదానికి సమానం. ఆసుపత్రి క్యూకు కూడా ఇదే వర్తిస్తుంది.

బిలాస్‌పూర్ కేంద్రంగా 2003లో మొదలైన ఆగ్నేయ మధ్య రైల్వే, 2022 ఆగస్టు 15న 'సూపర్ వాసుకి' అనే గూడ్సు రైలును కోర్బా నుంచి రాజ్‌నంద్‌గావ్‌కు నడిపింది. ఐదు రైళ్ళను ఒకటిగా కలిపితే 295 వ్యాగన్లు, ఆరు ఇంజన్లు, మూడున్నర కిలోమీటర్ల పొడవు అయింది. అందులో 27,000 టన్నులకు పైగా బొగ్గు ప్రయాణించింది. ఐదు బండ్లకు కావలసిన దారి ఒక్క బండితో సరిపోయింది. కానీ అంత పొడవైన రైలు మామూలు స్టేషన్ల పక్క లైన్లలో పట్టదు, వెనుక వచ్చే బండికి దారి ఇవ్వలేదు. ఒకచోట మిగిల్చిన కాలం మరోచోట ఖర్చు కాకుండా చూడాలి. అందుకే ఈ ఇంజినీరు ఒక్క యంత్రాన్ని కాక మొత్తం వ్యవస్థను చూడాలి.

బిలాస్‌పూర్ తరగతి గది

స్వాతంత్ర్యం తరువాత 1958లో జాతీయ ఉత్పాదకత మండలి, 1963లో ముంబయిలో జాతీయ పారిశ్రామిక ఇంజినీరింగ్ శిక్షణ సంస్థ ఏర్పడ్డాయి. బిలాస్‌పూర్ విశ్వవిద్యాలయం 1983లో మధ్యప్రదేశ్ రాష్ట్ర సంస్థగా మొదలైంది. దాని సాంకేతిక విద్యా సంస్థ 1997లో వచ్చింది. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది, 2009లో ఇది కేంద్రీయ విశ్వవిద్యాలయమయింది. జేఈఈ ద్వారా ప్రవేశం కాబట్టి తెలుగు రాష్ట్రాల విద్యార్థులకూ ఇక్కడ అవకాశం ఉంది.

ఈ తరహా కోర్సులో లోహాలను కోయడం, పోతపోయడం వంటి ఉత్పత్తి పద్ధతులతో పాటు పని అధ్యయనం, నాణ్యతా నియంత్రణ, గణితంతో నిర్ణయాలు తీసుకొనే ఆపరేషన్స్ రీసెర్చ్, పనిముట్లను మనిషి శరీరానికి అనువుగా మలచే ఎర్గోనామిక్స్ ఉంటాయి. కనుక ఇది సగం మెకానికల్, సగం మేనేజిమెంటు అన్న మాట సరికాదు. యంత్రం, సరుకు, కాలం, మనిషి, ఈ నాలుగింటినీ ఒకే లెక్కలోకి తెచ్చే చదువిది.

నాలుగింటిలో మనిషి లెక్కే కష్టం. సూత్రం ఎన్ని నిమిషాలు మిగిలాయో చెబుతుంది గాని, అవి ఎవరికి చెందాలో చెప్పదు. ఆ నిమిషాలు మరో వ్యాగన్ నింపడానికా, ఎండలో పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్ విశ్రాంతికా? పట్టా పుచ్చుకొని షాపుఫ్లోరులో అడుగుపెట్టే యువ ఇంజినీరు మొదటి నివేదికలోనే ఈ ప్రశ్నకు ఏదో ఒక జవాబు రాయక తప్పదు.