భుజమియ్యప్పా

2024 జూలై 1. కణేకల్‌లో ఇంకా ఆరు కాలేదు. ఆషాఢం రాకముందే ఆషాఢపు గాలి మొదలైంది. వేదవతి ఇసుక సన్నగా మొహానికి కొడుతోంది. మీరు కళ్లు చికిలించుకుని సందులో నడుస్తున్నారు. ఇంత పొద్దున్నే తలుపులన్నీ తెరిచే ఉన్నాయి, ఇవాళ పెన్షన్ల రోజు కాబట్టి.

మట్టి మిద్దె ముందర బండల అరుగు. అరుగు మీద కుట్టుమిషను. పక్కన నీలం జీన్స్ ప్యాంట్ల మూట. మూటకు ఆనుకుని అత్త.

"రాప్పా, ఇట్ల కూచ్చో. నోట్లో ఇసుక పడింటాది, నీళ్లు తాగు."

మీరెవరో ఆమెకు తెలీదు. ముందు చెంబు అందిస్తుంది. మీరు రెండు గుక్కలు మింగేలోపు మీది ఏ ఊరు, ఎవరింటికి వచ్చినారు, పిల్లలెందరు, రాత్రి ఏం తిన్నారు, అన్నీ ఆమెకు చేరిపోయి ఉంటాయి. ఏ వరసా లేని నాకూ ఆమె అత్తే, నా పిల్లలకూ అత్తే.

సచివాలయం అమ్మాయి వేలిముద్రల మిషను పట్టుకుని వచ్చింది. దివ్యాంగుల పెన్షను మూడు వేల నుంచి ఆరు వేలకు పెరిగిన మొదటి నెల ఇది. అత్త బొటనవేలు పెట్టింది. పడలేదు. మళ్లీ పెట్టింది. రాయదుర్గం జీన్స్‌కు దారాలు తెంపీ తెంపీ గీతలు అరిగిపోయినాయి. ఎడమచేతి వేలు చీర కొంగుకు తుడిచి పెడితే అప్పటికి పడింది. పన్నెండు ఐదొందల నోట్లు లెక్కపెట్టి కుట్టుమిషను డబ్బాలో పెట్టుకుని, "ఎంతమందికి ఇయ్యాలమ్మీ ఇంకా? ఖాళీ కడుపుతో తిరగొద్దు, ఉగ్గాని తెప్పించినా," అని ఆ పిల్లను కూర్చోబెట్టేసింది. వాళ్లిద్దరూ అంతకు ముందు కలిసింది లేదు.

ఇప్పుడామె లేస్తుంది, చూడండి. కుడిచెయ్యి కుడితొడ మీద ఆనించి, మోకాలు మడత పడకుండా వెనక్కి నొక్కి పట్టి, అడుగు వేస్తుంది. తొడ కండరం పట్టు లేనివాళ్లు ఇట్లాగే నడుస్తారు. అందుకే ఆమె చీరలన్నీ ఒకే చోట, అరచెయ్యి ఆనేచోట, రంగు పోతాయి. అక్కడ లోపలివైపు గుడ్డ వేసి కుట్టుకుంటుంది.

రెండేళ్ల వయసులో జ్వరం వచ్చింది. సూది వేయించినారు, తెల్లారేసరికి కాలు పడిపోయింది. "సూదితోనే పాయె" అని వాళ్లమ్మ చివరిదాకా అనేది. ఆ మాటలో కొంత నిజముంది. పోలియో వైరస్ ఒంట్లో ఉన్నప్పుడు కండకు సూది వేస్తే ఆ కాలికో చేతికో పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుందని వైద్యశాస్త్రమే ఒప్పుకుంది. అత్తకు ఆ జ్వరం వచ్చింది 1968లో. పోలియో చుక్కలు దేశంలో టీకాల కార్యక్రమంలోకి వచ్చింది 1979లో. పల్స్ పోలియో 1995లో. మన దేశం ఉన్న ప్రాంతం పోలియో లేనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014 మార్చిలో ప్రకటించింది. అత్తకు అప్పటికి నలభై ఏడు దాటినాయి, మంచికాలు కూడా నీరసపడటం మొదలైంది. పోలియో వచ్చిపోయిన పదుల ఏళ్లకు ఇట్లా కొత్తగా బలం తగ్గడం చాలామందిలో ఉంటుంది.

మిషను కుట్టడానికి కాలు కావాలి కదా. మొదట్లో ఆమెది చేతితో తిప్పే మిషను. ఒక చెయ్యి చక్రం మీద, రెండోది గుడ్డ మీద, అదీ జాకెట్టు కుట్టే తీరు. తర్వాత వికలాంగుల సంఘం పొదుపులో అప్పు తీసుకుని మోటారు పెట్టించుకుంది. ఫాదర్ ఫెర్రర్ 1969లో అనంతపురం జిల్లాలో మొదలుపెట్టిన ఆర్డీటీ సేవాసంస్థ ఊళ్లలో ఇలాంటి సంఘాలు పెట్టించింది. మోటారు వచ్చినాక అత్తకు చక్రం తిప్పే చెయ్యి ఖాళీ అయింది. ఆ చేత్తో ఎదుటివాళ్లకు బొరుగులు పెట్టేది.

వీధిలో ఆడవాళ్లందరి కొలతలూ ఆమె దగ్గర ఉండేవి. ఎవరు చిక్కినారో, ఎవరు లావైనారో, ఏ కోడలికి నెల తప్పిందో టేపు ముందే చెప్పేది. ఏ మాటా అరుగు దిగేది కాదు. ఇంతమందితో మాట్లాడే మనిషి అన్నేళ్లు అన్ని గుట్లు దాచుకోవడం నాకిప్పటికీ వింతే.

కాలు లేకపోబట్టి అంత కలుపుగోలుగా ఉండేదని అంటుంటారు. నేనొప్పుకోను. వాళ్లమ్మకు రెండు కాళ్లూ బాగానే ఉండేవి, ఆమె ఊరంతా తిరిగి మాట్లాడేది. ఈమె కూర్చున్నచోటే మాట్లాడింది. అంతే తేడా.

తొమ్మిదికి రాయదుర్గం బస్సు. మిషను మోటారుకు బెల్టు కావాలి, ఆమెతో మీరూ పదండి. బస్సు రాగానే జనం తోసుకుంటున్నారు, కిటికీల్లోంచి తువ్వాళ్లు సీట్ల మీద పడుతున్నాయి. అత్త తొందరపడదు. సంచీ కిటికీలోంచి ఎవరో పిల్లాడికి అందిస్తుంది: "సీటు పట్టు నాయనా." మెట్టు మీ మోకాలెత్తు ఉంది. మీ చెయ్యి దానంతటదే ముందుకు పోయి ఆమె రెక్క పట్టుకుంటుంది.

"గుంజొద్దప్పా! గుంజితే బరువంతా ఈ కాలు మీదికొస్తాది. ఊరికే నిలబడు. భుజమియ్యి."

నిలబడండి. ఆమె ఎడమచెయ్యి మీ భుజం మీద పడుతుంది, మీరనుకున్నదానికంటే బరువుగా. కుడిచెయ్యి కడ్డీ మీద. ఎడమకాలు పైకి. తర్వాత చీర కుచ్చిళ్లతో సహా కుడికాలు లాక్కుంటుంది. "ఎక్కేటప్పుడు మంచిది ముందు, దిగేటప్పుడు చెడ్డది ముందు. గుర్తుపెట్టుకో, ముసలితనంలో నీకూ పనికొస్తాది," అని నవ్వుతుంది. డ్రైవరు కూడా నవ్వుతాడు.

బయట తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు ఇంకా రాలేదు, వరి మళ్లు బీటలు కొట్టి ఉన్నాయి. లోపల అత్త పక్క సీటామెను అడుగుతోంది: "మీ చిన్నోనికి పండ్లు వచ్చినాయా?"

2025 ఎండాకాలంలో ఆమె పోయింది. మిషను కింద మూడు కొలతల పుస్తకాలు దొరికినాయి. పేర్లు లేవు. "టెంకాయల అంగడామె", "బావి పక్కింటి చిన్నకోడలు" అని రాసుకుంది. తమ పేజీలు తమకిమ్మని ఆడవాళ్లు వచ్చినారు. ఎవరి నడుము ఎంతో ఎవరికీ తెలియకూడదని చిన్న గొడవ కూడా అయింది.

ఆ ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో ఆడవాళ్లకు మామూలు ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. ఆ బస్సు ఎక్కడానికి కణేకల్ బస్టాండులో తొడ మీద చెయ్యి పెట్టుకుని వెనకాల ఆగిన ఆడమనిషి కనిపిస్తే ఆమె రెక్క పట్టుకోకండి. పక్కన నిలబడి, ఏ వైపు భుజం కావాలో అడగండి.