జన్యు అనులేఖనం: ఏకసూత్ర భావన నుండి భేదజ్ఞానం వరకు

1. ఉపోద్ఘాతం

డి.ఎన్.ఏ.లోని సమాచారం ఆర్.ఎన్.ఏ.గా నకలు కావడాన్ని తెలుగు పాఠ్యగ్రంథాలు ‘అనులేఖనం’ అంటున్నాయి. మూలాన్ని అనుసరించి రాయడమని ఈ మాటకు అర్థం. అయితే బాక్టీరియా వంటి కేంద్రకపూర్వ జీవులలోనూ, శిలీంధ్రాలు, మొక్కలు, జంతువులు చేరిన నిజకేంద్రక జీవులలోనూ ఈ రాత ఒకే తీరున సాగదు. ఈ భేదం శాస్త్రలోకానికి తెలిసివచ్చిన క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. బాక్టీరియా నేర్పిన పాఠం

ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో ఇ.కోలై బాక్టీరియాపై చేసిన పరిశోధనల ఆధారంగా 1961లో ఒపెరాన్ సిద్ధాంతాన్ని సమగ్రంగా వివరించారు. లాక్టోజును వినియోగించుకోవడానికి కావలసిన జన్యువులు పక్కపక్కనే ఉండి, ఒకే ఆర్.ఎన్.ఏ.గా అనులేఖనమవుతాయి. బాక్టీరియాకు కేంద్రకపొర లేదు. అందువల్ల ఆర్.ఎన్.ఏ. ఇంకా తయారవుతుండగానే రైబోజోములు దానిపై చేరి ప్రోటీను నిర్మాణం ఆరంభిస్తాయి. అంటే రాత ముగియకముందే పఠనం మొదలవుతుంది. ఇ.కోలైకి వర్తించేది ఏనుగుకూ వర్తిస్తుందన్న మోనో అభిప్రాయం ఆనాటి విశ్వాసానికి అద్దం పడుతుంది.

3. భేదం బయటపడిన తీరు

ఆ విశ్వాసానికి తొలి సవాళ్లలో ఒకటి 1969లో ఎదురైంది. బాక్టీరియాలో ఆర్.ఎన్.ఏ. పాలిమరేజు ఒక్కటే అన్ని రకాల జన్యువులనూ అనులేఖనం చేస్తుంది. నిజకేంద్రక జీవులలో ఈ ఎంజైము ఒకటి కాదని, మూడు రూపాల్లో ఉందని రాబర్ట్ రోడర్, విలియం రట్టర్ చూపారు. మరో చిక్కుముడి అప్పటికే ఉంది. కేంద్రకంలో కనిపించే ఆర్.ఎన్.ఏ.లు చాలా పొడవైనవి. కణద్రవ్యంలోకి చేరే సందేశక ఆర్.ఎన్.ఏ.లు పొట్టివి. తక్కిన భాగం ఏమైనట్టు?

1977లో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందాలు అడినోవైరస్ అధ్యయనంతో ఈ ముడి విప్పాయి. మానవకణాలలో వృద్ధిచెందే ఈ వైరస్ జన్యువులు ఏకఖండాలు కావు. మొదట మొత్తం అనులేఖనమై, ఆపై మధ్యనున్న ఇంట్రాన్‌లు తొలగి, ఎక్సాన్‌లు అతుక్కుంటాయి. ఈ పరిష్కరణ కేంద్రకంలో జరిగిన తర్వాతే ప్రతి వెలుపలికి వస్తుంది. ఈ ఆవిష్కరణకు వారిద్దరికీ 1993లో నోబెల్ బహుమతి లభించింది.

4. ముగింపు

మోనో మాట పూర్తిగా తప్పని చెప్పలేం. డి.ఎన్.ఏ.ను చూసి ఆర్.ఎన్.ఏ. కూర్చే మూలసూత్రం రెండింటా ఒక్కటే. రాత జరిగే చోటు, రాసే ఎంజైములు, రాసిన ప్రతిని సిద్ధంచేసే పద్ధతి వేరు. ఈ వేరును గుర్తించడం పాండిత్యానికే పరిమితమైన విషయం కాదు. క్షయరోగ చికిత్సలో వాడే రిఫాంపిసిన్ బాక్టీరియా పాలిమరేజును అడ్డగిస్తుంది. మన కేంద్రకాలలోని పాలిమరేజులను చికిత్సకు వాడే మోతాదులో అడ్డగించదు. రెండు పాలిమరేజులూ అన్నివిధాలా ఒకటే అయివుంటే, ఆ మందు రోగకారకంతోపాటు రోగికీ విషమై ఉండేది.