అభిప్రాయాలకూ ఓ చరిత్ర

ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లో అభిప్రాయాల సంత జరుగుతుంది. భోజనాల దగ్గర మొదలైతే సాయంత్రం కాఫీల దాకా తెగదు. మొన్నటి వారం మా కోడలు వేడివేడిగా జొన్నరొట్టె వడ్డించింది. మా అబ్బాయి మొహం ముడుచుకుని, "ఆదివారం పూటైనా అన్నం తిననివ్వరా?" అన్నాడు. మా వారు అదే అదనుగా బియ్యం ధర ఎత్తుకుని, అక్కణ్ణుంచి ఓట్లలోకీ నోట్లలోకీ వెళ్ళిపోయారు. మనవరాలు టీవీలో క్రికెట్ పెట్టి, "తాతయ్యా, కాస్త మెల్లిగా!" అని కసిరింది. చివరికి కోడలే రాజీ చేసింది. "పోనిద్దురూ, ఎవరి అభిప్రాయం వాళ్ళది!"

అందరూ ఊరుకున్నారు గానీ ఆ మాట మాత్రం నన్ను పట్టుకుంది. నిజంగా ఎవరి అభిప్రాయం వాళ్ళదేనా? చీర కొనుక్కున్నట్టు మనం వెళ్ళి, తిరగేసి చూసి, బేరమాడి తెచ్చుకున్నవేనా ఇవి? లేకపోతే అత్తగారి ఇత్తడి బిందెలాగా, ఎప్పుడో ఎవరో ఇంట్లో పెట్టి వెళితే మనదేననుకుని తోముకుంటున్నామా?

మేం కుత్బుల్లాపూర్ వచ్చింది 1974లో. పెళ్ళయి ఏడాది. ఈ నర్సాపూర్ రోడ్డు మీద హెచ్.ఎం.టి. ఫ్యాక్టరీ, అటు బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్. మందుల ఫ్యాక్టరీ అప్పటికి కొత్త. దేశం నలుమూలల నుంచీ ఉద్యోగస్తులు వచ్చి చేరుతున్నారు. ఇక్కడి హెచ్.ఎం.టి.లో తయారయ్యేవి యంత్రాలని ఎంత చెప్పినా, మా బంధువులు మాత్రం చేతి గడియారాలు చవగ్గా ఇప్పించమని ఉత్తరాలు రాసేవారు! ఊరి పేరు కుత్బుల్లాపూర్, పక్క ఊళ్ళు జీడిమెట్ల, సూరారం, గాజులరామారం. నవాబుల మాటా, రైతుల మాటా ఒకే బస్సు బోర్డు మీద కనిపించేవి. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన నేను మాత్రం ట్రంకు పెట్టెతో పాటు ఓ బస్తాడు అభిప్రాయాలు కూడా మోసుకొచ్చాను.

మాకు పాలు పోసే ముసలమ్మ ఒకామె ఉండేది. కాలనీ అంతా 'పాలవ్వ' అనేవాళ్ళం. ఓ రోజు మా గుమ్మంలో కూర్చుని మూట విప్పి జొన్నరొట్టె, పచ్చి మిరపకాయ తొక్కు తింటోంది. "అన్నం వండుకోవా అవ్వా?" అన్నాను జాలిగా. ఆమె నాకంటే జాలిగా చూసి, "అన్నం తింటె జల్ది ఆకలైతది బిడ్డా. రొట్టె తింటె పొద్దుమీకే దాంక పానం గట్టిగుంటది" అంది. నేను నవ్వుకున్నాను. పేదరికానికి ఎంత చక్కగా సర్దుకుందో అనుకున్నాను.

అసలు సంగతి నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. మా డెల్టాలో తెల్లన్నం మా గొప్పతనం వల్ల వచ్చింది కాదు. 1850ల్లో కాటన్ దొర గోదావరికీ, తర్వాత కృష్ణకూ కట్టించిన ఆనకట్టల వల్ల వచ్చింది. ఆ కాలవ నీళ్ళే మా నాలుకల మీద కూర్చుని 'అన్నమే అన్నం' అని పలికించాయి. ఇక్కడివి మెట్ట పొలాలు. వాన ఎంత కురిస్తే అంతే. ఆ నేలకు సరిపడ్డ గింజ జొన్న. అంటే మా ఇద్దరివీ రుచులు కావు, మా ఊళ్ళ నీటి లెక్కలు!

తర్వాత ఐ.ఆర్.8 లాంటి కొత్త వరి వంగడాలు వచ్చాయి, బోరుబావులు వచ్చాయి. 1983లో ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. పేదవాడి కంచంలోకి అన్నం రావడం చిన్న విషయం కాదు. పాలవ్వ మనవలు రోజూ అన్నం తిన్నారు. రొట్టె చేస్తే, "మేమేమన్న బీదోళ్ళమా?" అన్నారట. నేను 1974లో అనుకున్న మాటే పదేళ్ళకి ఆమె ఇంట్లోనే వినిపించింది. ఇప్పుడేమో డాక్టరు చీటీ రాసిచ్చినట్టు జొన్నరొట్టె తినమంటున్నారు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించింది కూడా. ఆ మూటలో ఉన్న రొట్టెకి ఇంత పలుకుబడి వస్తుందని పాలవ్వకి ఎవరు చెబుతారు?

బియ్యం మాట వచ్చింది కనక రాజకీయాలు. మా కాలంలో ఆడవాళ్ళకి ఓటుండేది, అభిప్రాయం మాత్రం ఇంట్లో మగవాళ్ళ దగ్గర ఉండేది. "ఏ గుర్తుకండీ?" అని అడిగి వెళ్ళిన రోజులు నాకూ ఉన్నాయి. అయితే వంటింట్లో పుట్టిన అభిప్రాయం వీధిలోకి వస్తే ఏమవుతుందో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు చూపించారు. అక్షరదీపం చదువుల్లో కూర్చున్న ఆ అమ్మలు, రోశమ్మలాంటి వాళ్ళు ముందు నడవగా, సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం 1992 నాటికి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. రెండేళ్ళకే, 1997లో సడలించేశారనుకోండి! అయినా 'మీకేం తెలుసు' అనిపించుకున్న వాళ్ళ అభిప్రాయం ఒకసారి చట్టమైంది. ఆ తర్వాత నేను ఏ గుర్తుకు వేస్తున్నానో మా వారికి చెప్పడం మానేశాను. ఇప్పటికీ ఆయనకు తెలియదు!

ఆటల సంగతీ అంతే. 1983 జూన్ 25న కపిల్‌దేవ్ కప్పు గెలిచిన రాత్రి మా కాలనీలో మగవాళ్ళంతా ఒక్కచోట చేరి కేకలు. ఆడవాళ్ళం టీలు అందించాం. "ఎవరు గెలిచారు?" అని అడిగితే, "నీకు చెప్పినా తెలీదులే" అన్నారు. అప్పటికి మన అమ్మాయిలు టెస్ట్ మ్యాచ్‌లు ఆడుతూ ఏడేళ్ళయింది. 1976లో శాంతా రంగస్వామి కెప్టెన్‌గా బెంగుళూరులో వెస్టిండీస్‌తో ఆడారు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు, నాతో సహా! తర్వాత మన సికింద్రాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ ఇరవై ఏళ్ళకు పైగా దేశానికి ఆడింది. 2025 నవంబరు 2న అమ్మాయిల జట్టు ప్రపంచకప్పు గెలిచింది. అందులో కడప జిల్లా పిల్ల శ్రీచరణి కూడా ఉంది. ఆ రాత్రి టీ మా వారు పెట్టారు. చక్కెర ఎక్కువైంది గానీ, నేనేమీ అనలేదు.

ఇక డబ్బు. "ఆడవాళ్ళకి బంగారం పిచ్చి" అనే అభిప్రాయం మీరూ వినే ఉంటారు. పిచ్చి కాదమ్మా, అదీ చరిత్రే! పొలం అన్నదమ్ముల పేర, ఇల్లు మామగారి పేర, జీతం భర్త పేర ఉన్నప్పుడు ఆడదాని పేర ఉన్నది మెళ్ళో గొలుసొక్కటే. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకీ సమాన హక్కు వచ్చింది. దేశంలో ముందుగా ఆ పని చేసిన రాష్ట్రాల్లో మనదీ ఒకటి. కానీ అప్పటికే పెళ్ళయిన వాళ్ళకి అది వర్తించలేదు. అంటే నాకు లేదు, తర్వాత పెళ్ళయిన మా చెల్లెలికి ఉంది! ఒకే కడుపున పుట్టిన ఇద్దరం, మధ్యలో ఒక తారీఖు. దేశమంతటికీ 2005లో వచ్చిన సవరణ ఈ తేడా తీసేసింది. అప్పటికి మా నాన్నగారి పొలం ఎప్పుడో అన్నయ్యల మధ్య పంపకాలైపోయింది.

నా గొలుసు మాత్రం 1988లో స్థలంగా మారింది. అప్పటికి ఇక్కడ అందరి నోటా ఒకటే మాట, "భూమి కొంటే దిగులు లేదు" అని. జీడిమెట్ల పారిశ్రామికవాడ పెరుగుతోంది. మేడ్చల్, శామీర్‌పేట వైపు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలు ఉండేవి. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన హైదరాబాదులో ప్రవేశపెట్టిన రకం అది. చలికాలం వెళ్ళాక బుట్టల్లో వచ్చే ఆ పొడుగాటి పళ్ళ కోసం పిల్లలు ఎదురుచూసేవారు. ఆ తోటలే ఒకటొకటిగా ప్లాట్ల రాళ్ళు పాతించుకున్నాయి. మేం కొన్న రెండువందల గజాలు ఓ చెరువు పక్కన. అమ్మినాయన ఎండిపోయిన నేల చూపించి, "ఇక్కడ నీళ్ళు వచ్చి ఎన్నేళ్ళయిందో!" అన్నాడు.

పాలవ్వకి మిఠాయి పెట్టి సంగతి చెప్పాను. ఆమె మిఠాయి చేతిలో పట్టుకుని నోట్లో వేసుకోలేదు. "గది చెర్వు శిఖం బిడ్డా. నీళ్ళు ఇయ్యాల రాకపోతే రేపొస్తయి. నీళ్ళు తొవ్వ మర్శిపోవు. మైసమ్మ ఊకుంటదా?" అంది.

మళ్ళీ నవ్వుకున్నాను. అప్పటికి భక్తి మీదా నాకు అభిప్రాయాలున్నాయి మరి! గుళ్ళో అర్చన, ఇంట్లో వ్రతం భక్తి. చెరువు కట్ట మీద రాయికి పసుపు, కుంకుమ పూసి కోడిని కోయడం పల్లెటూరి తంతు. మా ఊళ్ళో పోలేరమ్మ జాతర జరిగేదన్న సంగతి అప్పుడు సౌకర్యంగా మర్చిపోయేదాన్ని. ఆషాఢంలో పాలవ్వ తలమీద బోనం ఎత్తుకుని వెళ్తుంటే వాకిట్లో నిలబడి వింతగా చూసేదాన్ని. బోనం అంటే భోజనమే. కొత్త కుండలో అన్నం, పాలు, బెల్లం, పైన వేపాకు, దీపం. తినే తిండిలో ముందు ముద్ద అమ్మవారికి. 1813లో జంటనగరాల్లో కలరా వచ్చి జనం రాలిపోతుంటే, ఉజ్జయినిలో ఉన్న సైన్యంలోని సురిటి అప్పయ్య మహంకాళికి మొక్కుకున్నాడనీ, తిరిగొచ్చి సికింద్రాబాదులో అమ్మవారిని నిలిపాడనీ చెబుతారు. రోగం భయం నుంచి, పిల్లలు బతకాలన్న ఆశ నుంచి పుట్టిన పండుగ అది. 2014లో తెలంగాణ వచ్చాక రాష్ట్ర పండుగ అయింది. అదే పాలవ్వ పీర్ల పండుగకి పీరు ముందు నీళ్ళు కూడా ఆరబోసేది. "ఎవరు కాపాడితే వాళ్ళకే దండం" అనేది.

మరి చెరువు కట్ట మీద మైసమ్మ ఎందుకు? సూరారంలోనూ ఉంది కట్టమైసమ్మ. నాకు తోచింది చెబుతాను. కట్ట తెగితే ఊరు పోతుంది, శిఖంలో ఇళ్ళు కడితే నీళ్ళు ఊరుకోవు. ఈ సంగతి చదువుకోని జనం తరతరాలకీ గుర్తుండాలంటే ఎలా? కట్ట మీద ఓ అమ్మవారిని కూర్చోబెడితే సరి. ఏటా జాతరకి ఊరంతా కట్ట మీదికి వస్తుంది. వచ్చినవాళ్ళు కట్టనీ చూస్తారు, నీళ్ళనీ చూస్తారు. మనం మూఢనమ్మకం అనుకున్నదాని లోపల ఓ ఇంజనీరు కూర్చుని ఉన్నాడేమో!

ఆ స్థలంలో మేం ఇల్లు కట్టలేదు. పాలవ్వ మాట విని మాత్రం కాదు, చేతిలో డబ్బు లేక. 1999లో మంచి ధర వస్తే అమ్మేశాం. కొన్నది ఓ చిన్న వయసు జంట. ఆ అమ్మాయి రిజిస్ట్రేషన్ రోజున నా పక్కనే కూర్చుని, గాజులు అమ్మి అడ్వాన్సు కట్టామని చెప్పింది. నాకు నా గొలుసు గుర్తొచ్చింది. పాలవ్వ మాట కూడా గుర్తొచ్చింది. కానీ చెప్పలేదు. 'ముసలమ్మ అభిప్రాయం, దాన్నెవరు లెక్కపెడతారు' అనుకున్నాను.

2020 అక్టోబరులో ఆ కుంభవృష్టి కురిసింది. జీడిమెట్ల చెరువు, అదే ఫాక్స్ సాగర్, పొంగి కొంపల్లి దగ్గర ఉమామహేశ్వర కాలనీ నీట మునిగిన దృశ్యం టీవీల్లో అందరూ చూశారు. అక్కడొక్కచోటే కాదు, నగరంలో ఎన్నో చెరువులు ఆ వారం తమ పాత హద్దులు తాము కొలుచుకున్నాయి. మేం అమ్మిన స్థలంలో లేచిన ఇంట్లోకీ నడుం లోతు నీళ్ళొచ్చాయని తెలిసింది. మనుషులకేం కాలేదు. నేను ఫోన్ చేసి పలకరిస్తే ఆ అమ్మాయి, "ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది ఆంటీ" అంది. నా గొంతులో మాట ఆగిపోయింది.

పాలవ్వ అప్పటికి చాలా ఏళ్ళ క్రితమే పోయింది. 2007లో కుత్బుల్లాపూర్ గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. ఆమె పొలం ఉన్న చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. ఆమెకి చదువు లేదు, ఆస్తి లేదు, ఉన్నవల్లా అభిప్రాయాలే. వాటిలో ఒక్కటీ ఆమె సొంతం కాదు. ఈ నేలా, ఈ నీళ్ళూ, కరువులూ, కలరాలూ కలిసి ఆమె చేతికిచ్చినవి. నేను రెండుసార్లు నవ్వాను. ఒకసారి నవ్వినందుకు నాకు షుగరు వచ్చిందనుకుని సరదాగా సర్దుకోవచ్చు. రెండోసారి నవ్వినందుకు ఎవరి ఇల్లో మునిగింది.

అందుకే ఆదివారం నాడు కోడలితో అన్నాను, "ఎవరి అభిప్రాయం వాళ్ళదని ఊరుకోకూడదమ్మా. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక్కసారి అడగాలి" అని. మా అబ్బాయి, "అయితే నీ అభిప్రాయం ఏంటమ్మా?" అన్నాడు.

"ఆ రొట్టె ఇటు వెయ్యి" అన్నాను.